ఇనుము ఇట్ల పలకదు

రాత్రి రెండు దాటాక చామరాజపేట
కాస్త నోరు మూసుకుంటుంది.
బస్సుల్లేవు, కుక్కర్ల ఈలల్లేవు,
ఎవరింట్లోనో కిర్రుమనే ఫ్యాను తప్ప.
నూరు కిలోమీటర్లు ఎక్కి వచ్చిన కావేరి
ఈ వీధిలో ఎక్కడో
ఎవరికీ చెప్పకుండా మట్టిలోకి దిగిపోతోంది.
వినడానికి నగరం మాకిచ్చిన గడువు
రెండు గంటలు.

రోడ్డు మధ్య పడుకున్న గోధుమరంగు కుక్కని అదిలించి
వైర్లు పరిచాను.
ఆ వాల్వుకొక చెవి, ఈ వాల్వుకొక చెవి,
నడుమ తొంభై మీటర్ల గొట్టం.
ఏ చెవికి ముందు వినబడిందో, ఎంత ముందో తెలిస్తే చాలు,
మిగతాది భాగహారం.
నాకు భాగహారమంటే గురి.
మా నాన్న పోయిన రోజు కూడా
ఆసుపత్రి బిల్లు రెండుసార్లు కూడినవాణ్ణి.

తెర మీద ఒకే ఒక్క శిఖరం లేచింది.
"పదిహేను మీటర్లు," అన్నాను.

చౌడప్ప చెప్పులు విడిచాడు.
గుడి ముందు విడిచినట్టు కాదు,
మడిలోకి దిగేవాడిలా.
ఇనప కడ్డీ ఒక కొస రోడ్డుకి, ఒక కొస చెవికి.
ముప్పై ఒక్క ఏళ్లుగా అదే కడ్డీ,
చెవి తగిలే చోట మాత్రం వెండి.
కళ్లు మూస్తాడనుకుంటారు అందరూ. మూయడు.
బేకరీ షట్టరు తాళాన్ని చూస్తూ వింటాడు.
"ఈడ కాదు సార్."
"ఎందుకు కాదు?"
"కాదు, అంతే."

అంతే అన్నది జవాబు కాదు.
నివేదికలో దానికి గడి లేదు.
తవ్వించాను.
నడుం లోతు దాకా ఎర్రమట్టి,
రాగిపిండిలా పొడిపొడిగా.

కవిత ఇక్కడ ఆపేస్తే
మీకు నచ్చి ఉండేది:
యంత్రం ఓడింది, చెవి గెలిచింది.
కానీ చౌడప్ప చూపించిన చోటూ తవ్వాం,
బేకరీ మెట్ల పక్కన.
అక్కడా పొడే.
అతను విన్నది
ఎవరింటి సంపు మోటారునో.

సిగ్గుపడలేదు. గోతి అంచున కూచుని
వక్క కొరుకుతూ అన్నాడు:
"చెవి తప్పు కాదు సార్.
బిరీన దొరికితే పోయి పండుకుందామని
నాకే ఆశ పుట్టె.
ఆశ గూడా చప్పుడు చేస్తాది,
అచ్చం నీళ్ల మాదిరే."

పద్దెనిమిదేళ్ల చదువులో
ఈ మాట నాకెవరూ చెప్పలేదు.

కడ్డీ నా చేతికిచ్చాడు.
ఆనించాను. దూరాన ఒక హోరు.
"దొరికింది!"
"అది నీ నెత్తురు.
ముందు వినపడేది మనమే.
దాన్ని తీసెయ్. తీసేసినంక మిగిలేది విను."

తీసెయ్.
అంటే తీసివేత.
అంటే ఇన్నేళ్లుగా చీకట్లో నిలబడి
ఈ మనిషి చేస్తున్నవి లెక్కలే,
అంకెలు లేకుండా.

మళ్లీ అతనే చాలాసేపు విన్నాడు.
"ఇనుము ఇట్ల పలకదు.
ఇది దుప్పటి కప్పుకోని మాట్లాడినట్లుండాది."

పటం తీశాను.
ఆ వీధి గొట్టం: పోత ఇనుము.
వేసినవాడెవరో, మార్చినవాడెవరో,
మార్చాక రాయడం మరిచినవాడెవరో.
నా భాగహారమంతా
నేను చూడని ఒక్క మాట మీద నిలబడి ఉంది.
దాన్ని ఊళ్లో ఏమంటారో నాకు తెలుసు.
లెక్క అనరు.

ప్లాస్టిక్ అని మార్చాను.
ప్లాస్టిక్‌లో చప్పుడు నింపాదిగా నడుస్తుంది.
శిఖరం కదల్లేదు, అంకె కదిలింది:
ముప్పై ఐదు.

టేపు పట్టుకుని నడిచాం.
ముప్పై మూడు. ముప్పై నాలుగు.
కుక్క ఎప్పుడు తిరిగొచ్చిందో,
పొట్ట తారుకానించి పడుకుని ఉంది,
ఏప్రిల్ రాత్రి ఆ వీధి మొత్తానికి
చల్లగా ఉన్న ఒక్క చోట.

నేను చౌడప్ప వైపు చూశాను.
చౌడప్ప తన కడ్డీ వైపు.
ఎవరం అదిలించలేదు.
గునపం పక్కన పెట్టి, వంగి,
"రోంత లేయప్పా," అన్నాడు దానితో,
పెద్దాఫీసరుతో మాట్లాడే గొంతుతో.